ర్యాంపు లెక్క, డాబా లెక్క

పుదుచ్చేరిలోని తట్టాంచావడిలో పాత ఇళ్లకు మార్పులు చేయించుకోవాలని నన్ను పిలిచేవాళ్లు రెండు పనులు విడివిడిగా చెబుతారు. కరెంటు బిల్లు తగ్గాలన్నది ఒకటి. అమ్మకో నాన్నకో నడక కష్టమైంది, మెట్ల దగ్గర ఏదైనా చేయాలన్నది ఇంకొకటి. రెండూ ఒకే పని అని ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నాను.

ఎండవేళకు ఇంట్లో తక్కినవాళ్లు ఆఫీసులోనో, ఇక్కడి పారిశ్రామిక వాడలోనో ఉంటారు. పగలంతా ఆ కప్పు కిందే ఉండేది మంచం దిగలేని మనిషి. వయసు మీద పడ్డాక చెమట పట్టడం తగ్గుతుంది, దాహమూ సరిగా తెలియదు. వడదెబ్బకు ముందు లోనయ్యేది వాళ్లే.

కొడుకు ఉద్యోగం వెంట యానాం నుంచి వచ్చిన ఒక మామ్మగారు తుంటి ఎముక విరిగి వీల్‌చైరుకు పరిమితమయ్యారు. ఒంటి అంతస్తు డాబా. "ఫ్యాను తిరుగుతోంది బాబూ, పైనుంచి నిప్పులే పోస్తోంది" అన్నారు. పగలు కాగిన స్లాబు రాత్రి దాకా ఆ వేడిని గదిలోకి వదులుతూనే ఉంది. కిటికీ గొళ్లెం పైన ఉంది, ఆమె చేతికి అందదు. అందుకని సముద్రపు గాలి వచ్చే వేళకీ తలుపులు మూసే ఉన్నాయి. స్విచ్ బోర్డు నిలబడ్డవాళ్ల భుజం ఎత్తులో ఉంది.

డాబాకు ఎండను తిప్పికొట్టే తెల్ల పూత వేయించాం. గొళ్లెం కిందికి దించాం, బోర్డు మూడడుగుల ఎత్తుకు తెచ్చాం. పాత ఫ్యాను 75 వాట్లు లాగేది. దాని స్థానంలో 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను పెట్టాం. కరెంటు సగానికి పైగా మిగిలింది. ఆమెకు మాత్రం దాని రిమోటే గొప్ప. రాత్రి చలేస్తే కొడుకును లేపనక్కర్లేదు.

ర్యాంపు దగ్గరే చిక్కు. అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు ఉండాలన్నది లెక్క. వీధికన్నా ఇల్లు అడుగున్నర ఎత్తుంటే 18 అడుగులు కావాలి. ఇక్కడ వాకిట్లో అంత చోటెక్కడిది? పైగా 2024 నవంబరు చివర ఫెంజల్ తుపానుకు పుదుచ్చేరిలో ఒక్క రోజులో 45 సెంటీమీటర్లు దాటి వాన పడింది. అది చూసినవాళ్లు ఇంటిని ఇంకా ఎత్తు లేపుకుంటామంటే తప్పుపట్టలేం. కానీ లేపిన ప్రతి అంగుళానికీ ర్యాంపు అడుగు పెరుగుతుంది. చోటు లేదని నాలుగడుగుల్లో ముగించిన ర్యాంపులు చాలా చూశాను. అవి జారుడుబండలు, మెట్లకన్నా ప్రమాదం. మామ్మగారింట్లో పక్క సందు వెంబడి తీసుకెళ్లి, వంటింటి తలుపు వెడల్పు చేసి అక్కడ కలిపాం.

ఈ ఊళ్లోనే మంచి పాఠం ఉంది. అరవిందాశ్రమం వసతి గృహం గోల్కొండ. హైదరాబాదు దివాను అక్బర్ హైదరీ చొరవతో నిజాం ఇచ్చిన లక్ష రూపాయల విరాళం వల్ల ఆ పేరు వచ్చింది. ఆంటోనిన్ రేమండ్ గీసిన ఆ కాంక్రీటు భవనం పని 1937 ప్రాంతంలో మొదలైంది. ఉత్తరం వైపూ దక్షిణం వైపూ గోడలకు బదులు చేత్తో తిప్పుకునే పలకలు. స్లాబు మీద వంపు తిరిగిన పలకలు పరిచి, మధ్య గాలి ఆడే సందు వదిలారు. ఏసీ అవసరం లేకుండానే గదులు చల్లగా ఉంటాయి. గాలిని ఎంత రానివ్వాలో లోపలి మనిషే చేత్తో తేల్చుకోవడం నాకు అన్నిటికన్నా నచ్చుతుంది.

ఇంటి కప్పులు చల్లగా ఉంచేందుకు తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. ఇళ్ల విషయంలో 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలాలకే అది తప్పనిసరి, చిన్నవాటికి ఐచ్ఛికం. ముందు చేయాల్సింది చిన్న ఇళ్లకే. అక్కడ ముసలివాళ్లకు నీడకు మారేందుకు రెండో గది ఉండదు. పుదుచ్చేరి ఆ దారి పడితే చిన్న ఇళ్లతోనే మొదలుపెట్టాలి, పూతకిచ్చే సాయంలోనే ర్యాంపునూ బాత్రూములో పట్టుకునే కడ్డీనీ చేర్చాలి.

ఏప్రిల్ రాకముందే మేస్త్రీని పిలిచేవాళ్లకు ఒక మనవి. బేరం మాట్లాడేముందు, మధ్యాహ్నం రెండు గంటలకు, మీ ఇంటి పెద్దవాళ్లు కూర్చునే చోట కాసేపు కూర్చోండి. లేవకుండా ఏది అందడం లేదో వాళ్లనే అడిగి, ఎస్టిమేటులో ముందు దాన్నే రాయించండి.