పెట్టె తీసే రోజు

పొద్దున్నే మా లవ్‌బర్డ్ ఆడపక్షి పంజరం అడుగున పరిచిన పేపరు ముందు కూర్చుంది. అంచు వెంట ముక్కుతో దగ్గర దగ్గరగా చిల్లులు పొడిచింది. వేలెడు పొడుగు పీలిక ఊడి వచ్చింది. మెడ వెనక్కి తిప్పి దాన్ని నడుం మీది ఈకల్లో దోపుకుంది. అలా నాలుగు పీలికలు దోపుకొని గూటి పెట్టెలోకి దూరింది. లోపల 35 రోజుల పిల్లలు మూడున్నాయి. వాటి మధ్య, నేను భయపడినట్టే, కొత్త గుడ్డు.

మా ధర్మపురిలో లవ్‌బర్డ్స్ అంటే చాలామందికి ఆస్ట్రేలియా బడ్జీలే. మా ఇంట్లోవి ఆఫ్రికావి, పీచ్‌ఫేస్ రకం. నమీబియా ఎండునేలల్లో వాన పడి గింజ దొరికే రోజులు చూసుకొని గూడు కట్టే జాతి. ఆ వాన కబురు ఇక్కడ మన చేతులమీదుగానే అందుతుంది. పిల్లలకు బలమని మొలకెత్తిన రాగులు, ఉడికించిన గుడ్డు పెడతాం. వరండాలో రాత్రి పదిదాకా లైటు. చీకటి పెట్టె, చింపుకోవడానికి కాగితం. కాలం బాగుంది, ఇంకో కాన్పుకు సిద్ధం కమ్మని తల్లికి ఇవన్నీ చెబుతాయి. పిల్లలకు కావలసిందే తల్లిని మళ్లీ గుడ్లకు దించుతుంది. ఈ పెంపకంలో కష్టమంతా ఇక్కడే ఉంది.

"ఆ గుడ్డు తీసి పారెయ్యక్కా" అంది పక్కింటి పిల్ల.

పోయినేడు అదే చేశాను. తీసిన కొద్దీ ఇంకోటి పెట్టింది. నాలుగు నుంచి ఆరుతో ఆగాల్సిన పక్షి, పదో గుడ్డుకు ఈకలు ఉబ్బించుకొని పంజరం అడుగున కూలబడింది. గుడ్డు లోపలే ఇరుక్కుపోయింది. వెచ్చగా ఉంచి, డాక్టరు చేత కాల్షియం ఇప్పిస్తే బతికింది. నా అరచేతిలో ఆ గుండె కొట్టుకున్న తీరు నేను మరిచిపోలేను.

అందుకే ఈసారి గుడ్డును పది నిమిషాలు ఉడికించి, చల్లారాక పెన్సిలు గుర్తు పెట్టి, అదే చోట ఉంచాను. తరవాత పెట్టినవాటికీ ఇదే పని, పెట్టిన రోజునే. లెక్క నిండితే పొదుగుడులో పడుతుంది. మూడు వారాలు దాటినా పిల్ల రాకపోతే తనే విసిగి లేస్తుంది.

పెట్టె మాత్రం ఇప్పుడే తీయకూడదు. పిల్లలు ఆరు వారాలకు బయటికి వచ్చినా కొన్నాళ్లు రాత్రి పడక అందులోనే. ఆ రోజుల్లో ఎక్కువగా తండ్రే మేపుతాడు. రోజూ పిల్లల వీపులు చూస్తాను. కొత్త గుడ్ల తొందరలో తల్లి వాటి ఈకలు పీకే ప్రమాదముంది. పీకిందా, మధ్యలో జాలీ అడ్డం పెట్టాలి, తండ్రిని పిల్లల వైపే ఉంచాలి. వాటంతట అవి కొర్రలు పొట్టు వలుచుకొని తినగలిగినప్పుడు వేరే పంజరం. పెట్టె తీసేది ఆ రోజే. మెత్తటి మేత తగ్గించేదీ అప్పుడే. కడల్ నురై (కటిల్‌ఫిష్ ఎముక) ముక్క మాత్రం తల్లి దగ్గరే ఉంటుంది, గుడ్లకు ఖర్చయిన సున్నం తిరిగి రావాలి కదా.

పిల్లల్ని ఒకేచోట వదిలేస్తే అన్నాచెల్లెళ్లే జతకడతాయి. ఆడా మగా చూపుకు తెలియవు. రెండు ఆడపక్షులున్నా జతగా మసలి, రెండూ గుడ్లు పెడతాయి. ఒక్కో పక్షి బతికేది పదేళ్లకు పైమాటే. అన్నేళ్లు చూసుకునే ఇల్లు దొరకని పిల్లను పుట్టించడం నాకు సమ్మతం కాదు.

అలాగని తల్లిని కసరడం అన్యాయం. పీలికలు ఈకల్లో దోపుకోవడం ఈ పీచ్‌ఫేస్ జాతి తీరు; ఫిషర్ రకం లవ్‌బర్డ్ అయితే పీలికను ముక్కున కరుచుకొని మోస్తుంది. ఈ రెండు రకాలకూ పుట్టిన సంకర పక్షుల గురించి పరిశోధకుడు విలియం డిల్గర్ 1962లో రాశాడు. అవి పీలికను ఈకల్లో దోపబోయి జారవిడుచుకునేవి, మళ్లీ దోపబోయేవి. ముక్కున మోయడం కుదురుకోవడానికి ఏళ్లు పట్టింది. నెత్తుట్లో ఉన్న పని అది.

ఇప్పుడు సాయంత్రం ఆరున్నరకే లైటు ఆర్పి పంజరం మీద దుప్పటి కప్పుతున్నాను. ఇవాళ పేపరును అడుగు జాలీ కిందికి మార్చాను. దానికి అందలేదు. జాలీ మీద కాసేపు తిరిగి, మేతలో మిగిలిన కొత్తిమీర కాడ ఒకటి తీసి నడుం ఈకల్లో దోపుకుంది.