సి డ్రైవ్ ఎర్రబడితే

కంప్యూటర్‌లో సి డ్రైవ్ గీత నీలం నుంచి ఎరుపుకి తిరగ్గానే మన ఇళ్లలో రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి, "ఫార్మాట్ కొట్టించేద్దాం." రెండోది, "ఏదో క్లీనర్ ఉందంటగా, అది వేసి చూద్దాం." చుట్టాల కంప్యూటర్లు చూసిపెట్టే పని ఎలాగో నా నెత్తిన పడింది కాబట్టి ఈ రెండో మాట సంగతి కాస్త చెబుతాను.

క్లీనర్లు ఏరేది ఏమిటి? బ్రౌజర్ దాచుకున్న కాషె, టెంప్ ఫోల్డర్లో మిగిలిపోయిన ముక్కలు, ఫొటోల థంబ్‌నెయిల్స్, పాత ఎర్రర్ రిపోర్టులు, రీసైకిల్ బిన్. ఇవి పోయినా నష్టం లేదు. కానీ వీటిలో చాలా భాగం వారం తిరక్కుండా మళ్లీ వచ్చి చేరుతుంది. కాషె ఉన్నదే వెబ్‌సైట్ తొందరగా తెరుచుకోవడానికి. దాన్ని రోజూ తుడిచేవాళ్లు రోజూ ఆ పేజీలను మొదటిసారి తెరిచినట్టే తెరుస్తుంటారు. పైగా కుకీల దగ్గర కూడా టిక్కు పెట్టేస్తే అన్ని సైట్లలోంచి లాగౌట్ అయిపోతారు. ఆ సాయంత్రం పాస్‌వర్డ్ మర్చిపోయామంటూ ఫోన్లు వస్తాయి. నాకే.

నాకు బొత్తిగా గిట్టనిది రిజిస్ట్రీ క్లీనర్, అంటే విండోస్ సెట్టింగుల చిట్టాను తుడిచేది. "1,248 సమస్యలు దొరికాయి" తరహాలో ఎర్రక్షరాలతో బెదిరిస్తుంది. ఆ సమస్యలన్నీ కలిపినా కొన్ని కిలోబైట్లు దాటవు. లైబ్రరీ కేటలాగ్‌లోంచి నాలుగు చీటీలు చింపి బీరువా తేలికైందన్నట్టు ఉంటుంది ఆ వ్యవహారం. చింపిన వాటిలో పనికొచ్చే చీటీ ఉంటే మాత్రం ఏదో ఒక ప్రోగ్రాం తెరుచుకోదు. ఇలాంటి వాటికి తాము మద్దతివ్వమని విండోస్ తయారుచేసిన మైక్రోసాఫ్టే చెప్పింది. అయినా ఆ మీట నొక్కాక కంప్యూటర్ "కొంచెం ఫాస్టయింది" అనేవాళ్లున్నారు. రీస్టార్ట్ చేసినందువల్ల అయ్యుంటుంది.

ఇంకో సంగతి. క్లీనర్‌కి మనం కంప్యూటర్ మీద సర్వాధికారాలూ ఇస్తాం, లేకపోతే అది పూర్తిగా పనిచేయలేదు. 2017లో సీక్లీనర్ అనే క్లీనర్ 5.33 వెర్షన్‌లోకి ఎవరో దొంగ కోడ్ చొప్పించారు. అది తయారుచేసిన సంస్థ అసలు డిజిటల్ సంతకంతోనే, సొంత సర్వర్ నుంచే జనానికి చేరింది. బయటపడేసరికి దాదాపు 22 లక్షల 70 వేల కంప్యూటర్లకు చేరిపోయింది. దాడి చేసినవాళ్ల గురి ఇళ్ల మీద కాదు, పెద్ద టెక్నాలజీ కంపెనీల మీద. అయినా ఆ ప్రోగ్రాం మనలాంటివాళ్ల ఇళ్లలోనూ నడిచింది. ఆ తప్పు సరిదిద్ది సీక్లీనర్ ఇప్పటికీ వస్తోంది. నేను మాత్రం విండోస్‌లోనే ఉన్న స్టోరేజ్ సెన్స్‌తో సరిపెట్టుకుంటున్నాను.

నా పద్ధతిలో తుడవడం చివరి పని. ముందు విన్‌డిర్‌స్టాట్ లాంటి ఉచిత ప్రోగ్రాం వేసి, ఏ ఫోల్డర్ ఎంత మేస్తోందో చూస్తాను. ప్రతి ఫైలూ దాని సైజును బట్టి రంగు గడిలా కనిపిస్తుంది. పెద్ద గడి మీద నొక్కితే దొంగ దొరుకుతాడు. ఐఫోన్ ఉన్న ఇంట్లో ఐట్యూన్స్ బ్యాకప్, అమ్మేసిన ఫోన్‌ది కూడా అలాగే. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే కుర్రాడి దగ్గర ప్రీమియర్ మీడియా కాషె. విండోస్ పెద్ద అప్‌డేట్ అయ్యాక విండోస్ డాట్ ఓల్డ్ ఫోల్డర్. పాత విండోస్‌కి వెనక్కి వెళ్లే ఉద్దేశం లేకపోతే దాన్ని తీసేయొచ్చు, లేదా పది రోజులు ఆగితే అదే పోతుంది. విన్‌ఎస్ఎక్స్ఎస్ అనే ఫోల్డర్ గంపంత కనిపిస్తుంది, దాని జోలికి మాత్రం వెళ్లకండి. ఒకే ఫైలు రెండుచోట్ల లెక్కకు రావడం వల్ల అది ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తుంది.

ఇక డౌన్‌లోడ్స్. మన ఇళ్లలో అసలు బీరువా అదే. ఆధార్ పీడీఎఫ్ ఒకటి, దాని పక్కనే బ్రాకెట్లో 1, 2, 3 అంకెలతో దాని కవలలు. హాల్‌టికెట్లు, కరెంటు బిల్లులు, టెలిగ్రామ్‌లో దింపి సగం చూసిన సినిమాలు. 2018 అక్టోబర్ అప్‌డేట్‌లో మైక్రోసాఫ్ట్ విండోస్‌లోని డిస్క్ క్లీనప్ జాబితాలో ఈ ఫోల్డర్‌ని కూడా చేర్చింది. అలవాటుగా అన్ని టిక్కులూ పెట్టి ఓకే నొక్కినవాళ్ల సొంత ఫైళ్లు కూడా చెత్తతోపాటే పోయే వీలుండేది. తర్వాత 2020లో ఆ జాబితాలోంచి దాన్ని తీసేశారు. కాషె అయితే ఎక్కడున్నా ఒక్కటే, ప్రోగ్రాం గుర్తుపడుతుంది. మార్కుల మెమో ఏదో, సినిమా పోస్టర్ ఏదో దానికెలా తెలుస్తుంది?

మొన్న మా తమ్ముడి లాప్‌టాప్‌లో అన్నిటికంటే పెద్ద గడి వాళ్ల గృహప్రవేశం వీడియో. ఎడిట్ చేయకముందుది, గంటల కొద్దీ ఉంది. "సీడీలో చేసింది ఉందిగా, ఇది తీసెయ్ అన్నయ్యా" అన్నాడు వాడు. "బావగారూ, అందులో మా నాన్న మాట్లాడింది సీడీలో లేదు" అంది మరదలు వంటింట్లోంచే. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ ఒకటి కొంటానన్నాడు. రెండు కొనమన్నాను, ఒకటి పాడైతే మళ్లీ నాకే ఫోన్ వస్తుంది.