నత్తి - మన సాహిత్య దృష్టి

నోరులేని వాళ్ళకు నోరివ్వటం తన ధర్మమని అభ్యుదయ సాహిత్యం మొదటినుంచీ చెప్పుకుంటున్నది. మంచి ధర్మమే. అయితే ఇచ్చే ఆ నోరు ఎలాంటిదై వుండాలన్న ప్రశ్న మన విమర్శ వేసుకోలేదు. మన కథల్లో పీడితుడు తిరగబడిన క్షణాన అతని మాట గోదావరి వరదలా పారుతుంది. కథ పొడుగునా తలవంచుకుని వున్న పాలేరు ఆఖరి పుటలో ఒక్క తడబాటు లేకుండా ఉపన్యసిస్తాడు. అంటే, అనర్గళంగా మాట్లాడటమే చైతన్యానికి గుర్తు అనే నమ్మకం మనకు తెలియకుండానే మనలో పాతుకుపోయింది. ఆ నమ్మకాన్ని పరీక్షించటం ఈ వ్యాసం ఉద్దేశం. నేను మాటలు నేర్చిననాటినుంచీ నత్తి వున్నవాణ్ణి. రామకృష్ణాపూర్‌లో వుంటూ, తెలుగు పాఠం చెప్పి బతుకుతున్నవాణ్ణి. కనుక ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లో దొరికింది కాదు.

నాట్యశాస్త్రం చెప్పిన ఎనిమిది సాత్త్విక భావాల్లో స్వరభంగం ఒకటి. ప్రేమవల్లనో, భయంవల్లనో, భక్తివల్లనో గొంతు తెగితే అది రసపోషకం. గద్గద కంఠాన్ని మన కవులు మక్కువగానే వర్ణించారు. కాని అదే తడబాటు ఏ భావానికీ గుర్తు కాక, ఒక మనిషి మాట్లాడే తీరు మాత్రమే అయినప్పుడు దానికి కావ్యంలో చోటు లేదు. దాని చోటు హాస్యగాడి పక్కన. రంగస్థలం మీదా, తెరమీదా నత్తివాడు కనబడగానే ప్రేక్షకుడు నవ్వటానికి సిద్ధపడతాడు. అతని మాటలో ఏముందో వినడు, మాట ఎక్కడ ఆగుతుందా అని చూస్తాడు. ఇళ్ళలో ఇదే చూపు వైద్యమవుతుంది. వసకొమ్ము అరగదీసి పిల్లల నాలుకకు రాసే ఆచారం మనకు పాతది. గలగలా మాట్లాడేవాణ్ణి చూసి వస పోశారా అని మురిసే సంఘం, మాట ఆగినవాణ్ణి చూసి ఏం పోయలేదా అని అనుమానించటం సహజమే.

హాస్యాన్ని దాటి నత్తిని గంభీరంగా పట్టించుకున్న రచనలు లేకపోలేదు. వాటిలో చిత్రమైన సామ్యం ఒకటి వుంది. 1950లో క్యోటో నగరంలోని స్వర్ణమందిరాన్ని ఒక యువ సన్యాసి తగలబెట్టాడు. ఆ ఘటన ఆధారంగా యుకియో మిషిమా 1956లో రాసిన నవలలో నాయకుడు మిజోగుచి నత్తివాడు. 2017లో వచ్చిన ‘జై లవ కుశ’ చిత్రంలో జై అనే పిల్లవాడు నత్తి కారణంగా నాటకాల మేనమామ దగ్గర అవమానాలపాలై, ఆ రంగస్థలానికే నిప్పుపెట్టి, పెద్దయ్యాక రావణుడవుతాడు. మెల్విల్ చనిపోయిన చాలా ఏళ్ళకు, 1924లో అచ్చయిన ‘బిల్లీ బడ్’లో నావికుడు బిల్లీ అబద్ధపు అభియోగానికి జవాబు చెప్పబోతాడు. మాట పెగలదు, చెయ్యి లేస్తుంది. ఆరోపించినవాడు చస్తాడు, బిల్లీని ఉరితీస్తారు. దేశాలు మూడు, కాలాలు మూడు, దారి ఒక్కటే. ఆగిన మాట నిప్పుగానో, దెబ్బగానో బయటపడటం.

ఈ రచనల్లో నిజం లేదని నేననను. అవమానం మనిషిలో నిప్పు పుట్టిస్తుందన్నది నిజం. ‘జై లవ కుశ’ నత్తివాణ్ణి నవ్వులాటకు వదలక, ఆ నవ్విన సంఘాన్ని బోనెక్కించింది; అది చిన్న విషయం కాదు. కాని నవ్వు, నిప్పు - ఈ రెండే దారులని చెబితే, నత్తితోనే పొద్దున లేచి, కూరగాయలు బేరమాడి, డ్యూటీకి పోయి, సంఘం సభలో లేచి మాట్లాడి, పిల్లల్ని పెంచే వేలమంది మనుషులు ఎక్కడికి పోయినట్టు? పెద్దవాళ్ళలో సుమారు నూటికి ఒకరికి నత్తి వుంటుందని శాస్త్రజ్ఞుల లెక్క. వాళ్ళ కథ ఇంకా రాయలేదు.

2010 నాటి ‘ది కింగ్స్ స్పీచ్’ మూడో దారి చూపినట్టు కనిపిస్తుంది: చికిత్స, విజయం. 1939లో ఆరో జార్జి యుద్ధ ప్రసంగాన్ని ముగించగానే మనమూ ఊపిరి పీల్చుకుంటాం. కాని అక్కడ వేచివున్నది ఒక సామ్రాజ్యం. రాజు ఆగితే లోకం ఆగుతుంది. ఉద్యోగం కోసం బల్లముందు కూర్చున్న కార్మికుని కొడుకు ఆగితే ఎవరాగుతారు? ఒక ఇంటర్వ్యూలో, నా జవాబు పూర్తికాకముందే, నువ్వు పాఠమెలా చెబుతావని నన్నడిగారు. జవాబు సగంలో వుండగానే తీర్పు పూర్తయింది. నత్తి గొంతులో వుంటుంది గాని, దాని ఖరీదు నిర్ణయించేది వర్గం.

శాస్త్రం కూడా దీనికి అతీతం కాదు. 1939లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో, వెండెల్ జాన్సన్ పర్యవేక్షణలో, 22 మంది పిల్లలమీద ఒక ప్రయోగం జరిగింది. సరిగ్గా మాట్లాడే పిల్లలకు కూడా నీకు నత్తి వస్తున్నదని చెప్పి ఏమవుతుందో చూశారు. ఆ పిల్లలు ఎవరి పిల్లలు? అనాథాశ్రమంలో వున్నవాళ్ళు. విశ్వవిద్యాలయం 2001లో క్షమాపణ చెప్పింది. జాన్సన్‌కూ నత్తి వుండేదన్నది ఇందులోని విషాదం. నత్తికి జన్యుపరమైన మూలాలున్నాయని 2010 తర్వాతి పరిశోధనలు చూపాయి. అంటే అది పిరికితనమూ కాదు, తెలివితక్కువా కాదు, తల్లి పెంపకంలోని దోషమూ కాదు.

మరి సాహిత్యం చూడని మనుషుల్ని చరిత్ర చూసింది. వేల్స్ బొగ్గుగనుల్లో 13 ఏళ్ళకే పనికిదిగిన అన్యూరిన్ బెవన్‌కు నత్తి వుండేది. తగులుకునే మాట దగ్గర ఇంకో మాట వెతుక్కుంటూ అతను పదసంపద కూడబెట్టాడంటారు. 1948లో బ్రిటన్‌లో ఉచిత జాతీయ వైద్యసేవను నెలకొల్పిన మంత్రి అతనే. 1957లో కేరళ మొదటి ముఖ్యమంత్రి అయిన ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ మాట మార్చి తప్పించుకోలేదు. మీకెప్పుడూ నత్తేనా అని ఎవరో అడిగితే, కాదు, మాట్లాడేటప్పుడు మాత్రమే అన్నాడని అందరూ చెప్పుకునే ముచ్చట. ఈ ఇద్దరిలో నేను రెండోవాణ్ణి ఎక్కువగా ప్రేమిస్తాను. పర్యాయపదాల వెంట పరుగెత్తటం ఎంత అలసటో నాకు తెలుసు. ‘ప్రబంధం’ అనలేక ‘కావ్యం’ అన్నప్పుడు విద్యార్థికి అర్థమే మారిపోతుంది. అందుకే కొన్నేళ్ళుగా కొత్త తరగతికి మొదటిరోజే చెబుతున్నాను: నాకు నత్తి వుంది, మాట ఆగితే ఆగనివ్వండి, నేనే పూర్తిచేస్తాను. వాళ్ళు ఆగుతారు. అంతకుముందెన్నడూ నోరు విప్పని వెనక బెంచీవాళ్ళు ప్రశ్నలడగటం నేను గమనించాను.

ఇక్కడొక మిత్రుడు ఆక్షేపించవచ్చు: ఉన్నదాన్ని ఒప్పుకోమనటం లొంగుబాటు కాదా? మార్చమని చెప్పవలసిన మనం రాజీ బోధించవచ్చునా? న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు మా బొగ్గుబాయిలోనే వుంది. పైకప్పుకు బరువు లేదనుకునే కార్మికుడు వీరుడు కాడు. ఆ బరువును ఒప్పుకున్నవాడే దాన్ని తట్టి, చప్పుడు విని, రూఫ్ బోల్టు బిగిస్తాడు. నేను ఒప్పుకున్నది నా నత్తిని, దానిమీది తిరస్కారాన్ని కాదు. దాచుకోవటానికి ఖర్చయ్యే శక్తి మిగిలితేనే ఆ తిరస్కారంతో పోరాడగలను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వాగ్వైకల్యాన్ని నిర్వచిస్తూ స్వరపేటిక తొలగింపును, అఫేసియాను పేర్కొన్నది. నత్తిని పేరెత్తి చెప్పలేదు. ఇలాంటి చోట అడగవలసింది దాక్కున్నవాడు కాదు, లేచి నిలబడ్డవాడు.

గనిలో మాటే సర్వస్వం కాదు. హాలేజీకి గంట మోగుతుంది, చీకట్లో టోపీదీపం ఊగుతుంది, పని నడుస్తుంది. మనుషులు ఒకరినొకరు అర్థం చేసుకోవాలనుకుంటే తోవలున్నాయి. కనుక రచయితలను నేను కోరేది జాలి కాదు. నత్తి వున్న మనిషిని కథలోకి రానివ్వండి. కాని కథంతా అతని నత్తే కానక్కరలేదు. అతను సమ్మె గురించి మాట్లాడనీ, ప్రేమ గురించి మాట్లాడనీ, అబద్ధం కూడా ఆడనీ. చివర్లో అతన్ని అనర్గళంగా మాట్లాడించి బహుమానం ఇవ్వకండి. ఇక సభల్లో మనందరికీ ఒక చిన్న పని వుంది: ఎదుటివాని మాట ఆగినచోట మనం పూరించకుండా వుండటం. నోరులేనివాళ్ళకు నోరిస్తామన్న సాహిత్యం, నోరున్నవాడు తన మాట పూర్తి చేసేదాకా ఆగటం ముందుగా నేర్చుకోవాలి.