అద్దం దొరికితే సగం బండి దొరికినట్టే

పాత పికప్ ఒకటి కట్టించుకోవాలని మనసు పడ్డవాళ్లలో చాలామంది ముందు ఇంజిన్ వేటలో పడతారు. అది తలకిందుల పని. ఇంజిన్ ఏదో ఒకటి దొరుకుతుంది. అరిగిపోయినా బోరు కొట్టించి, స్లీవ్ వేయించి మళ్లీ నిలబెట్టుకోవచ్చు. దొరకనిది ముందు అద్దం. వంపు తిరిగిన పాత అద్దం పగిలితే దానికి జోడీ వెతకడంలోనే ఏడాది గడిచిపోతుంది. అదే చదును అద్దమైతే గ్లాసు కొట్టుకు అట్ట నమూనా పట్టుకెళితే చాలు, లామినేటెడ్ పలకను ఆ కొలతకు కోసిస్తారు. టఫెన్డ్ అద్దం జోలికి మాత్రం పోకూడదు. ఒకసారి కాల్చి గట్టిపరిచాక దాన్ని కోయడం కుదరదు, కత్తి పెట్టగానే పలుకులై రాలిపోతుంది. కాబట్టి ఏ బండి కట్టాలన్నది మెకానిక్ షెడ్డులో కాదు, అద్దాల కొట్టు దగ్గరే తేల్చుకోవడం మేలు.

ఆ లెక్కన చూస్తే మన దేశంలో విల్లీస్ వంశాన్ని మించింది లేదు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక అమ్మేందుకు అమెరికాలో విల్లీస్ కంపెనీకి కొత్త బండి గీసిచ్చిన బ్రూక్స్ స్టీవెన్స్‌కు కారు బాడీలు వత్తే పెద్ద ప్రెస్సులు అందలేదు. ఇంటి సామాన్లకు రేకు వత్తే ఫ్యాక్టరీలతోనే సరిపెట్టుకోవాల్సి వచ్చింది, వాటితో ఆరంగుళాలకు మించి లోతు రాదు. అందుకే 1946 నాటి స్టేషన్ వాగనూ, అదే ముఖంతో 1947లో వచ్చిన పికప్పూ అంత చదునుగా, మూలలు తేలి ఉంటాయి. ఆ దశాబ్దం చివరి ఏళ్లలోనే మహీంద్రా వాళ్లు మన దగ్గర విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టారు. తరువాత దశాబ్దాల తరబడి ఆ పోలికలే మన పల్లె రోడ్ల మీద తిరిగాయి. ఆనాడు చిన్న ప్రెస్సుకు లొంగిన రేకు ఈనాడు మేస్త్రి సుత్తికీ లొంగుతుంది.

ముంబై సెవ్రీలో జనరల్ మోటార్స్ 1928 నుంచి 1954 వరకు బిగించిన ఛెవ్రొలెట్లు, కుర్లాలో ప్రీమియర్ వాళ్లు తీసిన ఫార్గోలు, డాడ్జీలు చూడటానికి ఇంకా అందంగా ఉంటాయి, సందేహం లేదు. కానీ వాటి మడ్‌గార్డులు గుండ్రటివి. అమెరికాలో ఉన్నవాడికి బెంగ లేదు, 1947–53 నాటి ఛెవ్రొలెట్ పికప్‌కు డోరు, బానెట్, వెనక తొట్టి సహా ప్రతి రేకూ కొత్తగా చేసి కేటలాగ్ పెట్టి అమ్ముతున్నారు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మేనల్లుడు వచ్చేటప్పుడు ఒక దీపం, రెండు బ్యాడ్జీలు పెట్టెలో పెట్టుకురాగలడు. మడ్‌గార్డు తేలేడు. అది ఇక్కడే పుట్టాలి.

ఇక్కడ అంటే కాట్పాడి, వేలూరు, గుడియాత్తం పట్టీలో. ఈ పనికి ఈ చోటు కలిసొచ్చినంతగా పెద్ద నగరాలు కలిసిరావని నా నమ్మకం. కాట్పాడి జంక్షన్ చెన్నై–బెంగళూరు లైను మీద ఉంది. పొద్దున రైలెక్కితే చెన్నైలో పుదుపేట పాత సామాన్ల కొట్లు, జనరల్ ప్యాటర్స్ రోడ్డు తిరిగి రాత్రికి ఇల్లు చేరొచ్చు. ఇంకో రోజు బెంగళూరు శివాజీనగర్, జేసీ రోడ్డు. ఉత్తరానికి చిత్తూరు మీదుగా తిరుపతి లైను ఉండనే ఉంది. రాణిపేటలో బీహెచ్‌ఈఎల్ బాయిలర్ల అనుబంధ కర్మాగారం పెట్టినప్పటి నుంచి దానికి పని చేసిపెట్టే చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్లు చుట్టుపక్కల వెలిశాయి. ప్లేటు మడిచే యంత్రాలు, గుండ్రంగా చుట్టే రోలర్లు, ఎక్స్‌రేకు నిలిచే వెల్డు వేసే చేతులు వాటితోనే వచ్చాయి. సీటు తోలు కోసం దూరం పోనక్కర్లేదు. ఆంబూరు, వాణియంబాడి, రాణిపేట తోళ్ల ఊళ్లన్న సంగతి దేశమంతా ఎరుగును. అక్కడి ఎగుమతి సరుకులో రంగు కలవక పక్కన పెట్టిన తోలు రెండు సీట్లకు సరిపడా తక్కువ ధరకే వస్తుంది. గుడియాత్తం దాటితే పలమనేరు. అటువైపు జీపులు నడిపినవాళ్లు, వాటి సామాను దాచుకున్నవాళ్లు మన భాషవాళ్లే. బేరం తెలుగులో మొదలై తమిళంలో తెగుతుంది.

సామాను వెతకడంలో ఒక కిటుకు ఉంది. బండి పేరు చెప్పి అడిగితే కొట్టువాడు లేదంటాడు. కొలత చెప్పి అడిగితే లోపలి నుంచి తెచ్చిస్తాడు. బేరింగ్ అంచు మీద మసి తుడిచి చూడండి, అంకెలు కనిపిస్తాయి. 6205 అని ఉంటే లోపలి వ్యాసం 25 మిల్లీమీటర్లు, బయటిది 52, వెడల్పు 15. అది ఏ దేశపు బండిలోనిదైనా, ఏ కంపెనీ చేసినా అంతే. నిన్న తయారైన పంపు సెట్టులోనూ అదే ఉంటుంది. ఆయిల్ సీలుకూ మూడు కొలతలే: షాఫ్టు, హౌసింగ్, మందం. బ్రేకు సిలిండర్ల రబ్బరు కప్పులకు బోరు సైజు చెబితే చాలు. సిలిండరే గుంటలు పడిపోతే పారేయకుండా లేత్ మీద పెద్దది చేసి లోపల ఇత్తడి స్లీవ్ దిగ్గొట్టిస్తే మళ్లీ అసలు సైజుకు వస్తుంది. తలుపుల రబ్బరు బీడింగు మీటర్ల లెక్కన అమ్ముతారు, పాత ముక్క అడ్డకోత ఆకారం కాగితం మీద అచ్చు వేసుకెళ్లడమే పని.

మరల దగ్గర మాత్రం జాగ్రత్త. విల్లీస్ బోల్టులు అమెరికన్ అంగుళాల మరలు, ఇంగ్లండు నుంచి వచ్చిన పాత బండ్లలో విట్‌వర్త్, బీఎస్‌ఎఫ్ మరలు, కొత్తవన్నీ మెట్రిక్. దగ్గర దగ్గరగా ఉన్న మరను బలవంతంగా తిప్పితే రెండు చుట్లు ఎక్కుతుంది, మూడో చుట్టులో బ్లాకులోని మరే ఊడి చేతికొస్తుంది. పిచ్ గేజ్ జేబులో లేకుండా పుదుపేటలో అడుగు పెట్టకూడదు.

ఇక రేకు పని. తుప్పు పైకి కనిపించేది కొంతే. స్క్రూడ్రైవర్ మొనతో పొడుచుకుంటూ పోతే ఎక్కడ టంగుమని గట్టిగా తగులుతుందో అక్కడే మంచి రేకు మొదలైనట్టు, కోత అక్కడిదాకా పోవాలి. కోసిన కంత మూలలు చతురంగా కాకుండా కాస్త గుండ్రంగా ఉంచితే వెల్డు వేడికి మూలల దగ్గర లాగదు. అట్టతో నమూనా తీసి, 20 గేజ్ సీఆర్ షీటు మీద గీసి కత్తిరిస్తారు. అయితే పాత క్యాబిన్ల రేకు ఇంకా మందం ఉంటుంది కనుక ముందు క్యాలిపర్‌తో కొలవాలి. మందాలు కలవకపోతే వేడికి సన్నది ముందే కరిగి కంతలు పడతాయి. ముక్క చొక్కాకు వేసిన మాసికలా పైన కూర్చోకూడదు, అంచుకు అంచు తగలాలి. ఒకదాని మీద ఒకటి వేసి అతికితే ఆ సందులో నీరు చేరి రెండేళ్లలో మళ్లీ తుప్పు.

వేడెక్కిన రేకు అలుగుతుంది. అందుకే ఒక చివర మొదలుపెట్టి గీత గీసినట్టు అతుకుతూ పోరు. ఇక్కడొక చుక్క, దానికి ఎదురుగా అవతల ఒక చుక్క, చేయి పెట్టగలిగేంత చల్లారాక మధ్యలో ఇంకొకటి. ఈ పనిలో పాత గ్యాసు వెల్డింగ్ మేస్త్రికి ఇప్పటికీ ఒక పైచేయి ఉంది. సీఓటూ వెల్డింగ్ సులువే, కాని దాని అతుకు గట్టిపడి సుత్తికి లొంగదు. గ్యాసు అతుకు మెత్తన. వెనక డాలీ ఆనించి ముందు సుత్తితో తడుతుంటే ముడుచుకున్న రేకు మళ్లీ సాగి సమమవుతుంది. ఉబ్బిన చోట రూపాయి బిళ్లంత మేర ఎర్రగా కాల్చి, నాలుగు దెబ్బలు వేసి, తడి గుడ్డ అద్దితే ఉబ్బు లోపలికి లాక్కుంటుంది. ఇది చదివి వచ్చే విద్య కాదు. రెండు మూడు మిల్లీమీటర్లకు మించి లప్పం పట్టిందంటే కింద రేకు పని సగంలో ఆగిపోయిందని అర్థం. అయస్కాంతం పెట్టి చూస్తే తెలిసిపోతుంది, లప్పం దిట్టంగా ఉన్న చోట అది నిలవదు.

వెనక తొట్టి రేకుకు ఉండే పొడవాటి గాళ్లు అలంకారం కాదు, అవి లేకపోతే రేకు డబడబలాడుతుంది. షెడ్డులో ప్రెస్ బ్రేక్ ఉంటే అరగంట పని. లేకపోతే రెండు ఇనుప పట్టీలను సందు వదిలి బిగించి, పైన రేకు పరిచి, మొద్దుబారిన ఉలితో ఆ సందులోకి మెల్లగా దించుతారు. వెనక డోరు మీద పేరు పొంగుటక్షరాలుగా రావాలన్నా కిటుకు అదే: దళసరి ప్లేటులో అక్షరాలు కోయించి, దాని మీద రేకు బిగించి, లోపలి వైపు నుంచి కొడతారు. అక్షరాలు తిరగేసి కోయాలన్నది మరవకూడదు.

చాసిస్ దగ్గర మాత్రం ఊహలకు చోటు లేదు. ముందు అడ్డంగా, మూల నుంచి మూలకు కొలుస్తారు. రెండు కర్ణాలూ సమంగా లేకపోతే బండి ఎప్పుడో గుద్దుకున్నదే. పగుళ్లు కనిపెట్టడానికి లారీ షెడ్లలో చవకైన పద్ధతి ఒకటుంది. అనుమానం ఉన్న చోట కిరోసిన్ పూసి, కాసేపాగి శుభ్రంగా తుడిచి, సుద్దపొడి రుద్దుతారు. పగులులో ఇంకిన కిరోసిన్ పైకి ఊరి తెల్ల సుద్ద మీద నల్లటి గీత తేలుతుంది. ఆ గీత ఆగిన చోట సన్నటి రంధ్రం వేస్తేనే పగులు ముందుకు పాకదు. తర్వాత పగులును ‘వి’ ఆకారంలో గాడి చేసి అతికి, పైన పట్టీ వేస్తారు. పట్టీ చివరలు నిలువుగా కోస్తే బరువంతా ఆ గీత మీదే పడి అక్కడే కొత్త పగులు పుడుతుంది, అందుకే చివరలు ఏటవాలుగా ఉండాలి. కమాన్ పట్టీలకు వెల్డింగ్ తగలనే కూడదు. ఆ ఉక్కు పదును వేడికి చచ్చిపోయి మొదటి గుంతలోనే విరుగుతుంది.

ఇంజిన్ సంగతి త్వరగా ముగిస్తాను. పెట్రోలు భరించలేక విల్లీస్ జీపుల్లో సింప్సన్ వాళ్ల పెర్కిన్స్ పీ4 డీజిల్ దించడం తమిళనాడులోనూ ఆంధ్రలోనూ ఒక తరం పాటు ఆనవాయితీగా సాగింది. అడాప్టర్ ప్లేటు చేయడం లేత్‌వాడికి చిన్న పని. కానీ ఆ ఇంజిన్ బరువుకు ముందు కమాన్లు కుంగుతాయి, అదురుకు మౌంటింగులు చీలుతాయి, నిమిషానికి తిరిగే చుట్లు తక్కువ కనుక పాత గేర్లతో వేగం రాదు. అసలు ఇంజిన్ ఉంటే దాన్నే బతికించమని నా సలహా.

ఈ సలహా వెనక చట్టం కూడా ఉంది. బండి తయారీదారు ఇచ్చిన రూపానికి భిన్నంగా మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో గట్టిగానే చెప్పింది. సైన్యం వేలం వేసిన జీపులను విప్పి కొత్త రేకులు తొడగడంలో పేరుమోసిన హర్యానాలోని మండి డబ్వాలీ లాంటి చోట్ల పనికి ఇది సూటిగా తగిలే మాటే. మరోవైపు 2021 జులైలో వింటేజ్ వాహనాలకు వేరే నిబంధనలు వచ్చాయి. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన సొంత వాడకపు బండికి, చాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చకుండా ఉంటే, ‘వీఏ’ అక్షరాలున్న నంబరు ఇస్తారు. రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు, మళ్లీ పొడిగింపుకు 5,000. ఆ బండిని రోజూ తిప్పకూడదు. ప్రదర్శనకు, ర్యాలీకి, మరమ్మతుకు, ఇంధనం పోయించుకోవడానికి బయటికి తీయొచ్చు. కాబట్టి ‘వీఏ’ బండా, రోజూ కొబ్బరికాయలు మోసే బండా అన్నది మొదటి కోతకు ముందే తేల్చుకోవాలి. కాగితాలు లేని చాసిస్ ఎంత చవకైనా కొనకూడదు, నంబరు చెక్కిన చోట గ్రైండర్ పెట్టకూడదు.

రూపం ఎలా ఉండాలన్నది నేర్చుకోవడానికి రెండు బడులు ఉన్నాయి. అసలు రేకు ఎలా మడిచారో కళ్లారా చూడాలంటే కోయంబత్తూరులో జీడీ నాయుడి కుటుంబం 2015లో తెరిచిన జీడీ కార్ మ్యూజియం. 1920లో పొళ్లాచ్చి–పళని మధ్య బస్సు తిప్పి మొదలైన ఆ తెలుగాయన యంత్రాల పిచ్చి వాళ్లింట్లో ఇంకా తగ్గలేదు. పాత ఇనుముతో మనిషి ఊహ ఎంతదూరం పోగలదో చూడాలంటే హైదరాబాదులో సుధాకర్ గారి సుధా కార్స్ మ్యూజియం. క్రికెట్ బంతి కూడా అక్కడ కారే. పికప్ కట్టేవాడు మొదటిది చూసి నేర్చుకుని, రెండోది చూసి ఆనందించి రావడం క్షేమం.

రంగు వేయకముందే తొట్టిలో ఇసుక మూటలు వేసి బ్రేకులు పరీక్షించాలి. నాలుగు చక్రాలకూ డ్రమ్ములే కదా, లైనింగు కొత్తది వేయించి, డ్రమ్ములు లేత్ మీద సమం చేయించినా వాలులో వరసగా తొక్కితే వేడెక్కి పట్టు సడలుతుంది. చిత్తూరు–పలమనేరు దారిలో మొగిలి ఘాటు దిగేటప్పుడు రెండో గేరులో వేసి, బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకుండా విడతలుగా తొక్కుతూ రావాలి. కిందికి చేరాక నాలుగు డ్రమ్ముల మీదా చేయి దగ్గరగా పెట్టి చూడండి. మూడు ఒకలా, ఒకటి వేరేలా వేడిగా ఉంటే ఆ చక్రం విప్పాల్సిందే.