చూస్తున్నది ఎవరు?

మన ఆశ్రమ పాఠశాలల పుస్తకాల బీరువాల్లో ఆదివాసి అసలే లేడని అనలేం. అక్కడక్కడ కనిపిస్తాడు. ఈకలు పెట్టుకొని ఆడుతూనో, దారి తప్పిన పట్నం పిల్లలకు తేనె ఇస్తూనో ఉంటాడు. కాబట్టి పిల్లలకు పుస్తకం ఎంచేటప్పుడు "ఇందులో ఆదివాసి ఉన్నాడా?" అన్న ప్రశ్న ఒక్కటే చాలదు. "ఇందులో చూస్తున్నది ఎవరు?" అని కూడా అడగాలి.

ఈ ప్రశ్నకు నిలబడే పుస్తకం 'ది లండన్ జంగిల్ బుక్'. దీని చిత్రకారుడు భజ్జూ శ్యామ్, మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్‌కు చెందిన పర్ధాన్ గోండు. మన ఆదిలాబాద్ పర్ధానుల లాగే వారిదీ కథలు పాడే వారసత్వం. ఒక హోటల్ గోడల మీద బొమ్మలు వేయడానికి ఆయన 2002లో లండన్ వెళ్లి రెండు నెలలు ఉన్నాడు. ఆ అనుభవాలతో 2004లో చెన్నైలోని తారా బుక్స్ ఈ పుస్తకం వేసింది.

ఇందులో విమానం ఎగిరే ఏనుగు. నేల కింద నడిచే రైలు వానపాము. బిగ్ బెన్ గడియారం కోడిపుంజు, ఎందుకంటే ఊళ్లో పొద్దు చెప్పేది అదే. రోజూ ఎక్కిన 30 నంబరు బస్సు నమ్మకమైన కుక్క. చీకటి పడ్డాక బయటికొచ్చే లండన్ జనం గబ్బిలాలు. 1894లో కిప్లింగ్ 'ది జంగిల్ బుక్'లో మన దేశపు అడవి కథలను బయటివాడిగా చెప్పాడు. భజ్జూ శ్యామ్ దాన్ని తిరగేశాడు. ఇక్కడ వింతగా కనిపించేది లండన్, చూసేది గోండు.

బడిలో గోండి మాటో కోయ మాటో నోరు జారితే తలదించుకునే పిల్లలు మనకున్నారు. ఇంటి దగ్గర నేర్చింది బడి గేటు బయటే వదిలి రావాలని వాళ్లు అనుకుంటారు. అదే తెలివితో ఒక మహానగరాన్ని అర్థం చేసుకోవచ్చని ఈ పుస్తకం వాళ్లకు చూపిస్తుంది.

లోటులూ ఉన్నాయి. పుస్తకం ఇంగ్లీషులో ఉంది. భజ్జూ శ్యామ్ చెప్పిన మాటలను కాగితం మీద పెట్టింది గీతా వుల్ఫ్, సిరీష్ రావు. ఆ సంగతి పిల్లలకు చెప్పాలి. ఉపాధ్యాయులు బొమ్మలు చూపించి, కథను పిల్లల భాషలో చెప్పించవచ్చు. తమ హాస్టలును, బస్టాండును అలాగే గీయమనవచ్చు.

పెద్ద పిల్లల విషయంలో ఇంకో జాగ్రత్త అవసరం. కొమురం భీం కథ వాళ్లు తప్పక చదవాలి. కానీ భీం 1940లో జోడెఘాట్‌లో నేలకొరిగాడు. బీరువాలో మన కథ అక్కడే ఆగిపోతే, ఆదివాసి అంటే గతమేనని పదో తరగతి పిల్ల అనుకుంటుంది. హాస్టల్లో చదివే అమ్మాయి, పోడు పట్టా కోసం తిరిగే తండ్రి, ఉద్యోగానికి పట్నం చేరిన అన్న, వీళ్ల కథలూ దాని పక్కన ఉండాలి.

అలాంటి పుస్తకాలు తక్కువే. దొరికినవి ఉపాధ్యాయులు బడికి తేవాలి. దొరకనివి రాయాల్సింది చదువుకున్న మన యువతే.