ఉప్పునీటి మీద తేలే పేర్లు

ఓ ఉప్పుపొన్నా! పాపికొండల నుంచి పరుగుపరుగున వచ్చిన గోదారి కడలి గడపలో అడుగుపెట్టబోయి ఒక్క క్షణం తటపటాయిస్తే, ఆ తడబాటుకు పచ్చని తెర పట్టిన చెలికత్తెవు నువ్వు. నేలా కాని నీరూ కాని నడిమి రాజ్యంలో, వంగిన వేళ్లను ఊతకర్రలుగా నాటుకుని నిలిచిన ముసలి ముత్తైదువవు. నిన్ను తలచి ఏడవడానికే కోరంగి మడ అడవికి వచ్చాను. నీ చావుకు కాదు, నీ పేరు చావుకు.

ఆటు వేళ. నీరు తీసిన బురద మీద పీతలు ఎర్రటి గోళ్లు ఊపుతున్నాయి. గెడ వేస్తున్న ముసలాయన కాలవ పొడుగునా చెట్లను చుట్టాల్లా పిలుచుకుంటూ వస్తున్నాడు. "అదిగోనండి ఉప్పుపొన్న. పక్కది గతరు. కొందరు తొగరంటారు. ఆ ఎర్రపూలది ఉరుడండి. పువ్వునలా తట్టి చూడండి." తట్టాను. మడిచిపెట్టిన రేకు టక్కున విచ్చుకుని పుప్పొడి నా చెంప మీద చిమ్మింది. "మొహాన కొడతాదండి, ఆయ్!" అని నవ్వాడాయన. బిగబట్టిన కేసరాలను రేకుల గుప్పిట్లో దాచుకుని, తాకినవాడి మీద పసుపు చల్లే పువ్వు! ఏ పెళ్లిపందిట్లో నేర్చింది ఈ పరాచికం?

ఈ మూడూ ఒకే ఇంటి ఆడపడుచులు. శాస్త్రం ఆ ఇంటిని రైజోఫోరేసీ అంటుంది. ఊరంతా మడ అని పిలుచుకునే చెట్టుది వేరే గడప. దాని వేళ్లు పెన్సిళ్లలా పైకి పొడుచుకొస్తాయి, ఒంట్లో చేరిన ఉప్పును ఆకుల మీద చెమటలా విడుస్తుంది. ఉప్పుపొన్న మాత్రం చాలామట్టుకు ఉప్పును వేరు గుమ్మంలోనే ఆపేస్తుంది. ఇక బిడ్డల పెంపకం చూడాలి! గింజను నేలకు వదిలి చేతులు దులుపుకోవు ఈ తల్లులు. కాయ కొమ్మ మీద ఉండగానే గింజ మొలకెత్తుతుంది. మునగకాయలా సాగి, మొన తేలి, బరువెక్కి, ఆటు వేళ జారితే సూటిగా బురదలో దిగుతుంది. పోటు వేళ జారితే నీళ్ల పాలు. రోజులూ వారాలూ తేలుతూ, ప్రాణం ఉగ్గబట్టుకుని, ఎక్కడో ఒక ఒడ్డు కోసం వెతుక్కుంటుంది.

ఈ చెట్ల పేర్లూ అలాగే నీళ్ల పాలయ్యాయి.

సామర్లకోట అంటే మనకు భీమేశ్వరుడి గుడి, రైలు జంక్షను. 1780లలో మాత్రం అక్కడొక తోట ఉండేది. విలియం రాక్స్‌బర్గ్ అనే కుంపినీ వైద్యుడు మిరియాల తీగలు పాకించి, అడవి మొక్కలు తెచ్చి నాటి, వాన లెక్కలు రాసుకుంటూ కూర్చున్న తోట. 1787 ఉప్పెన ఆయన పుస్తకాలనూ కాగితాలనూ కడుపున పెట్టుకుంది. ఆయన మళ్లీ మొదలుపెట్టాడు. 1793లో కలకత్తా తోటకు తరలిపోయాడు. ఇక్కడి నుంచి లండనుకు చేరిన దాదాపు 500 బొమ్మల్లో 300 ఏరి, 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలుగా అచ్చువేశారు. కోరమాండల్ తీరపు మొక్కలని దాని పేరు.

ఆ బొమ్మలు గీసిందెవరు? ఈ దేశపు చిత్రకారులు. పూరేకు ఒంపుకు ఊపిరి బిగబట్టినవాళ్లు. కేసరాన్ని విడదీసి, అండాశయాన్ని కోసి, పేజీ అడుగున ముత్యాల్లా పేర్చినవాళ్లు. అచ్చు మీద దొరవారి పేరు నిలిచింది. కుంచె పట్టిన వేళ్ల పేర్లు మనదాకా రాలేదు. ఓ అజ్ఞాత హస్తమా! మొక్కకు మరణం లేకుండా చేశావు, నీకు మాత్రం చిరునామా లేకుండా పోయింది.

రాక్స్‌బర్గ్ ఒక మర్యాద పాటించాడు. మొక్కను వర్ణించేటప్పుడు లాటిన్ పేరుతోపాటు మనవాళ్లు పిలిచే పేరునూ ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, తెలింగ అని గుర్తు పెట్టేవాడు. సోమిద అన్న మన చెట్టు పేరు అలాగే పడవెక్కి వెళ్లి, సోయ్‌మిడా అనే లాటిన్ ప్రజాతిగా స్థిరపడింది. గతరు కథ వేరు. దాని పువ్వులో పది కేసరాలు లెక్కపెట్టి, ఉప్పుపొన్నల్లో చేర్చి, డెకాండ్రా అన్నాడాయన. తర్వాతివాళ్లు ఉరుడు ఇంట చేర్చారు, ఆపైన సెరియాప్స్ అని వేరు కాపురం పెట్టించారు. శాస్త్రం ముచ్చటగా మూడిళ్లు మార్చినా, జాలరి నోట అది గతరే. ఇప్పటికీ చదువు ఆగలేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన ఎ.జె. సోలోమన్ రాజు ఈ కోరంగి బురదలోనే ఈ కుటుంబపు పూలకూ వాటిపై వాలే పురుగులకూ ఉన్న చుట్టరికాన్ని రాసిపెట్టారు.

పుస్తకంలో పేరు భద్రమే. నోట్లోనే నిలవడం లేదు. ఒకప్పుడు వల నాలుగు కాలాలు మన్నాలంటే బెరడు కాచి ఆ రంగు పట్టించాలి. రంగు కావాలంటే చెట్టు పేరు తెలియాలి. నైలాను వల వచ్చింది, కషాయం కుండ బోర్లపడింది, దాంతోపాటే పేరూ. చెట్టుకూ గండమే. పై జలాశయాల్లో ఒండ్రు ఆగిపోతోంది, తీరం కోసుకుపోతోంది. రొయ్యల చెరువు గట్లు కాలవల దాకా పాకాయి. 1978లో కోరంగిని అభయారణ్యం చేశారు. చెట్టుకు కంచె కట్టగలిగాం. మాటకు ఏ కంచె కడతాం?

పడవ తిప్పుతుంటే ఆ పుస్తకం సంగతి ముసలాయనకు చెప్పాను. గెడ ఆపి విన్నాడు.

"అందులో గీసినోళ్ల పేర్లున్నాయాండీ?"

"లేవు బాబాయ్. చెట్ల పేర్లున్నాయి, మనం పిలిచేవే."

పోటు మొదలైంది. పడవ పక్క నుంచి ఒక పచ్చటి మొలక తలపైకెత్తి తేలిపోతోంది. దాన్ని చూస్తూ గెడ మళ్లీ బురదలో దించాడు.

"అయితే పిలిచినోళ్లం ఉన్నట్టేగదండీ, ఆయ్."