అత్తారింటి బాకీ

'చెంచులక్ష్మి' సినిమా మొన్న మూడోసారి చూశాను. 1958లో బి.ఎ. సుబ్బారావు తీసింది. చిన్నప్పుడు ఎస్వీ రంగారావు హిరణ్యకశిపుడి కోసం చూశాను, ఇంజినీరింగ్‌లో ఉన్నప్పుడు సాలూరి రాజేశ్వరరావు పాటల కోసం. ఈసారి ఒక్క పాట దగ్గర ఆగిపోయి వెనక్కి తిప్పి తిప్పి చూస్తూ కూచున్నా. ఆరుద్ర రాసి, ఘంటసాల, జిక్కి పాడిన ఆ పాట అందరికీ తెలిసిందే. అడవికొచ్చిన నరహరిని చెంచుపిల్ల నిలబెట్టి, నీకు ఫలానా పని వచ్చా అని ఒక్కోటీ అడుగుతుంది.

ఇన్నాళ్లూ దాన్ని సరసమనే అనుకున్నా. సరసమే, కాదనను. కానీ అదొక ఇంటర్వ్యూ కూడా. లోకాలన్నీ ఏలినవాడు నల్లమలలో ఫ్రెషర్. మనం రెజ్యూమెలో రాసుకున్నట్టే అన్నీ వచ్చనే చెబుతాడు. ఆ కాసేపు సినిమాలో తెలిసినావిడ ఆమె, నేర్చుకోవాల్సినవాడు ఆయన. విష్ణుమూర్తిని ఇంత మామూలుగా పరీక్షకు కూచోబెట్టిన పాట తెలుగులో ఇంకోటి నాకు వెంటనే గుర్తు రావట్లేదు.

పాట అయిపోయాక సినిమా ఈ సంగతి మర్చిపోతుంది. అసలు మొదట్నించీ మర్చిపోవడానికి ఏర్పాటు చేసుకునే ఉంది. లక్ష్మీదేవి అంజలీదేవే, చెంచులక్ష్మీ అంజలీదేవే. అంటే దేవుడు చెంచుపిల్లను పెళ్లాడలేదు, తన పెళ్లాన్నే ఇంకో చీరలో మళ్లీ పెళ్లాడాడు. ఆమెకు అడవి తెలియడం గూడెం నేర్పిన విద్య కాకుండా పోయి, వైకుంఠం నుంచి తెచ్చుకున్న మహిమలో కలిసిపోతుంది. పెంచిన గూడేనికి మిగిలేది డాన్సులో గుంపు. కథ సినిమావాళ్లది కాదు, నిజమే. ఓబయమంత్రి 'గరుడాచలం' యక్షగానం నాటికే ఉంది, 1943లో కమలా కోట్నిస్‌తో ఒక 'చెంచులక్ష్మి' వచ్చింది కూడా. అయినా ఎవరి చేతుల మీదుగా వచ్చినా, గురువు స్థానంలో ఉన్న మనిషిని పెళ్లికూతుర్ని చేసేస్తే ఇక ఫీజు కట్టక్కర్లేదన్న హాయి ఏదో ఆ కథలో ఉంది.

దీనికి పూర్తి విరుద్ధంగా నడిచేది అహోబిలం పారువేట. సినిమా కంటే అదే మంచి టెక్స్ట్ అని నా అభిప్రాయం. కనుమ నాడు జ్వాలా నరసింహుడు, ప్రహ్లాద వరదుడు ఒకే పల్లకీలో కొండ దిగుతారు. నలభై రోజులకు పైగా, ముప్పైకి పైగా ఊళ్లు తిరుగుతారు. ఎందుకయ్యా అంటే, ఫాల్గుణంలో తన పెళ్లికి రమ్మని పిలవడానికి. అత్తగారి తరఫువాళ్లు చెంచులు, వాళ్లు విల్లంబులతో వస్తారు. గమనించండి, ఇక్కడ చెంచులు దేవుడి గడపలో చేతులు కట్టుకుని నిలబడలేదు. దేవుడే దుమ్ములో ఊరూరా తిరిగి పిలుచుకోవాలి. ఏటా. పోయినేడు పిలిచాను కదా అంటే కుదరదు. సీమలో ఇన్నిమంది ఓబులేసులు, ఓబుళమ్మలు ఉన్నారంటే ఆ తిరుగుడు వల్ల కూడానేమో.

మా వైపు దేవుళ్లకు అల్లుడి హోదా కొత్తేం కాదు. శ్రీశైలం మల్లన్న చెంచులకు చెంచు మల్లయ్య. దేవుని కడపలో ఉగాదికి ముస్లింలు గుడికొస్తారు, బీబీ నాంచారి తమ ఆడబిడ్డ కాబట్టి వెంకటేశ్వరుడు తమ అల్లుడని. మనకు రుణం ఒప్పుకోవడానికి 'థాంక్స్' కంటే చుట్టరికం సులువు. చుట్టరికంలో ఒక ఇబ్బంది ఉంది, ఒక మేలూ ఉంది. మేలు, అల్లుడు రాకపోతే అడిగే హక్కు అత్తారింటికి ఉంటుంది. ఇబ్బంది, మనవాళ్లే కదా అని లెక్క రాయడం మానేస్తాం.

లెక్క రాసినవాడు బయటినుంచి వచ్చాడు. వియన్నాలో పుట్టిన క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్, రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేసరికి బ్రిటిష్ ఇండియాలో శత్రుదేశస్థుడు. హైదరాబాద్ రాజ్యంలో ఉండనిచ్చారు. అలా కృష్ణకు అవతలి ఒడ్డున అమ్రాబాద్ పీఠభూమిలో, భార్య బెట్టీతో కలిసి చెంచుల పెంటల్లో తిరిగాడు. 1943లో, ఆ మొదటి సినిమా వచ్చిన ఏడాదే, 'ది చెంచూస్' వచ్చింది. ఉపశీర్షికలో 'జంగిల్ ఫోక్' అని ఉంటుంది, ఈరోజు చదివితే గుచ్చుకుంటుంది. చెంచులు మానవచరిత్ర తొలి మెట్టు మీద మిగిలిపోయినవాళ్లన్న చూపు కూడా పుస్తకం నిండా ఉంది. మాట్లాడేది తెలుగే అయిన మనుషుల్ని మనం ఇంగ్లీషులో, ఒక ఆస్ట్రియావాడి ద్వారా చదువుకోవడం ఇంకో తమాషా. ఇన్ని ఉన్నా అక్కడ చెంచులు గుంపు కాదు. గడ్డలు తవ్వేవాళ్లు, తేనె తీసేవాళ్లు, కాపురాల్లో తగాదాలున్న మనుషులు. తర్వాత ఆయన ఆదిలాబాద్‌లో గోండుల బడుల కోసం పనిచేశాడు. 1987లో బెట్టీ పోయినప్పుడు మార్లవాయిలో గోండులే తమ పద్ధతిలో సాగనంపారు. ఆయన అస్థికలూ తర్వాత అక్కడికే చేరాయి. చుట్టరికం రెండు వైపులా నడిచిన సందర్భం అది. మనలో ఎంతమందిమి అంతవరకు పోతాం?

ఈ లెక్కల గోల నాకెందుకు పట్టిందో చెప్పాలి. నాలుగేళ్ల కిందట మేం ఏడుగురం ఉద్యోగస్తులం, ఎండాకాలం వారాంతాల్లో ఆత్మకూరు వైపు ఒక గూడేనికి పోయి, అడవిలో నీళ్లుండే చోట్లకు మ్యాప్ తయారుచేశాం. మ్యాప్ మేం చేశాం అంటున్నా గానీ, ఫోన్లు పట్టుకుని వెనక నడవడమే మేం చేసింది. ముందు నడిచింది ఒక ముసలావిడ, ఆమె మరిది. తేనెటీగలు ఎటు దిగుతున్నాయో చూసి, ఇసకలో చెలమ తీయాల్సిన చోటు ఆమె చూపించేది. నేను జీపీఎస్ సిగ్నల్ కోసం చెయ్యి పైకెత్తి తిరుగుతుంటే, "యా ఊరు నాయనా మీది?" అంది. కర్నూలు అవ్వా అన్నా. "అయితే ఎండ కొత్త కాదులే, నడువు" అంది. మూడు వారాల్లో ఆవిడ నన్ను మెచ్చుకున్నట్టుగా అన్నది అదొక్కటే.

వెబ్‌సైట్‌లో కాంట్రిబ్యూటర్ల పేజీ నేనే రాశా. ఏడు పేర్లు, ఏడు ఫోటోలు. ఎనిమిదో వరుసలో 'లోకల్ కమ్యూనిటీ'. అప్పుడది వినయంగా, బాగున్నట్టు కూడా అనిపించింది. మొన్న సినిమాలో గూడెం గుంపు డాన్సు చూస్తుంటే ఆ ఎనిమిదో వరుస గుర్తొచ్చి, పాజ్ చేసి లేచిపోయా. అంజలీదేవి సినిమాను తప్పుపట్టే ముందు సరిచేయాల్సిన పేజీ ఒకటి నా దగ్గరే ఉంది.

గూడెంలో ఫోనున్న కుర్రాడి ద్వారా ఆవిడతో మాట్లాడాను. అవ్వా, మ్యాప్‌లో మొదట నీ పేరు, మీ మరిది పేరు వేస్తాం, తప్పయింది అన్నా. ఈ వ్యాసంలోనూ రాయనా అని అడిగితే వద్దంది, అందుకే ఇక్కడ లేదు. మ్యాప్‌లో మాత్రం వేసుకోమంది.

కాసేపాగి, "పేరు సరే నాయనా, ఆ పొద్దు జూసిపోతిరే బోరింగు, ఇంగా నీళ్లు రాలే. మళ్లీ ఎప్పుడొస్తారు?" అంది.

శివరాత్రి లోపల అని చెప్పా. చెప్పినప్పుడు నా గొంతు నాకే ఆ పాటలో నరహరి గొంతులా వినబడింది. టికెట్ బుక్ చేశా, ఇద్దరు వస్తామన్నారు, మిగతా నలుగురు ఇంకా గ్రూపులో బొటనవేలు పెట్టి ఊరుకున్నారు.